పదిమంది పట్టే టెంటు

శనివారం పొద్దున్నే టెంటును ఒకసారి వాకిట్లో వేసి చూసుకోవాలి, లోటుపాట్లు సర్దుకోవాలి, భోంచేసి మధ్యాహ్నం లంబసింగికి బయలుదేరాలి. ధనరాజ్ వేసుకున్న పథకం ఇంతే. ఇందులో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. గవరపాలెంలో ఆ సందు సందంతా పొయ్యి వెలిగించకుండా కూర్చోవాల్సిన అవసరం అసలే లేదు.

ధనరాజ్ బెల్లం మార్కెట్‌కి దగ్గర్లో ఒక వేబ్రిడ్జిలో గుమాస్తా. లారీ వచ్చి కాటా మీద నిలబడితే బరువు చూసి చీటీ ఇవ్వడం అతని పని. అతని గదికి చెయ్యి పట్టేంత కిటికీ ఒకటి ఉంది. రోజంతా అందులోంచి చేతులు వస్తాయి, చీటీలు తీసుకుని వెళ్లిపోతాయి. ఆ చేతుల తాలూకు మొహాలు బజార్లో ఎదురైతే అతను గుర్తుపట్టలేడు, వాళ్లూ అతన్ని గుర్తుపట్టరు. నలభై దాటి కొన్నేళ్లయింది. పెళ్లి కాలేదు. సంబంధాలు చూసే పెద్దవాళ్లు ఒక్కొక్కరే పోయారు, ఆ తర్వాత పట్టించుకునేవాళ్లు లేక ఆ విషయం అలా ఉండిపోయింది.

ఆ మధ్య ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. కొన్నాక తెలిసింది, కారుంటే సరిపోదు, ఎక్కేవాళ్లు కూడా ఉండాలని. ఆదివారాలు ఒక్కడే ఏటికొప్పాక దాకా వెళ్లి, ఒక లక్క బొమ్మ కొనుక్కుని వెనక్కి వచ్చేవాడు. పక్క సీట్లో క్యారేజీ సంచి పెడితే, మనిషి కూర్చున్నాడనుకుని బెల్టు పెట్టమని కారు కీచుకీచుమనేది. ఆ గోల పడలేక ధనరాజ్ క్యారేజీకి బెల్టు పెట్టడం అలవాటు చేసుకున్నాడు. చూసేవాళ్లు నవ్వుకుంటే నవ్వుకోనీ, పక్కన ఎవరో ఉన్నారని కనీసం కారైనా అనుకుంటోంది కదా అని అతనికి ఓ మూల సంతోషంగానే ఉండేది.

చలికాలం మొదలయ్యాక ఫోన్లో లంబసింగి వీడియోలు రావడం మొదలైంది. కారు పక్కన టెంటు, టెంటు ముందు మంట, మంట చుట్టూ మనుషులు, అందరి చేతుల్లో టీ గ్లాసులు, వెనకాల మంచు. ధనరాజ్ మంచు వైపు చూసేవాడు కాదు. మంట చుట్టూ ఎంతమంది ఉన్నారో చూసేవాడు. తనకి అంతమంది అక్కర్లేదు, ఒక్క రాత్రి అలా పక్కన ఒక్క మనిషున్నా చాలు అనుకునేవాడు. కానీ అది నోరు తెరిచి అడగాల్సిన మాట. అతని నోటికి లారీల బరువు చెప్పడం తప్ప వేరే అలవాటు లేదు.

చివరికి రైసు మిల్లు ఆఫీసులో పనిచేసే త్రినాధరావుని అడిగాడు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బెంచీలో కూర్చున్నవాళ్లు.

"దానికేటి బావా, వత్తాను. మా ఇంట్లోవాళ్లు కూడా వత్తారు. టెంటు మాత్రం పెద్దది చూడు, గట్టిది చూడు. గాలికి ఎగిరిపోయేది తెచ్చేవు," అన్నాడు త్రినాధరావు.

ధనరాజ్ ఆ మాట పట్టుకుని ఆన్‌లైన్లో టెంట్లన్నీ గాలించాడు. నలుగురు పట్టేదన్నచోట, కొన్నవాళ్లు ఇద్దరే పట్టామని రాశారు. వాన ఆగుతుందన్నచోట, మంచుకే తడిసి ముద్దయిందని రాశారు. ఒకాయన మాత్రం తన టెంటు గాలికి లేచి పక్కవాళ్ల టెంటు మీద పడిందనీ, అందువల్ల మంచి స్నేహితులు దొరికారనీ రాశాడు. ఆ టెంటు దగ్గర ధనరాజ్ కాస్త ఎక్కువసేపు ఆగాడు. కానీ త్రినాధరావు గట్టిది కావాలన్నాడు కదా. అందుకని ఫోను పక్కన పెట్టి, లారీ టార్పాలిన్లు, షామియానాలు కుట్టే హిదాయతుల్లా దుకాణానికి వెళ్లాడు.

"ఎంతమంది పడుకోవాలి భాయ్?" అని అడిగాడు హిదాయతుల్లా, మెడలోంచి టేపు తీస్తూ.

నలుగురని చెప్పేస్తే సరిపోయేది. కానీ ఆయన అంత ధీమాగా, నీకు బోలెడుమంది ఉంటారన్నట్టు అడిగేసరికి ధనరాజ్‌కి నలుగురనడం నామోషీ అనిపించింది.

"ఒక పదిమంది," అన్నాడు.

"పదిమందంటే వాళ్ల సామాన్లు, పిల్లలు, అదంతా ఉంటాది కదా. ఫికర్ చెయ్యకు. మన టెంటు కింద కూర్చున్నోళ్లు లెగాలి గానీ, టెంటు లెగదు," అన్నాడు హిదాయతుల్లా.

అన్నట్టుగానే కుట్టి ఇచ్చాడు. లారీలకు కప్పే మందపాటి కేన్వాసు, ఇనప రింగులు, మూడు పక్కలా గోడలు, ముందువైపు తెరుచుకునే పరదా. ఇల్లు కూలినా టెంటు నిలబడేలా ఉంది. అంతవరకూ బాగానే ఉంది గానీ, చేతి అలవాటు ఊరుకోదు కదా, అంచు చుట్టూ నీలం జాలరు కూడా వేలాడదీశాడు. ఇదెందుకని అడిగితే, "జాలరు లేకపోతే బోసిగా ఉంటాది భాయ్, నలుగురూ వచ్చే టెంటు," అన్నాడు. ఆ మాటకి ధనరాజ్ బేరమాడకుండా డబ్బులిచ్చేశాడు.

శుక్రవారం సాయంత్రం త్రినాధరావు ఫోన్ చేశాడు.

"బావా, మా ఓనరు సెలవివ్వనన్నాడు. కాళ్లావేళ్లా పడ్డాను. ఈసారికి నువ్వు ఎళ్లొచ్చేయ్."

"పర్లేదు బావా," అన్నాడు ధనరాజ్. ఆ మాట అతను ఎప్పుడూ తడుముకోకుండా అనగలడు.

ఆ ఫోను పెట్టేసి, రేపు పొద్దున్న వాకిట్లో టెంటు వేస్తానని చెప్పడానికి మెట్లు దిగాడు. కింద వాటాలో ఇంటి యజమానురాలు అప్పలనర్సమ్మ ఉంటుంది. డెబ్బై దాటిన మనిషి. భర్త పోయాడు, పిల్లల్లేరు. మేడమీద గదిలో ధనరాజ్. ఆ ఇంట్లో ఉన్నది ఆ ఇద్దరే. తెల్లవారేసరికి ఆవిడ మోటారు వేసి, మేడమీదికి వెళ్లే ఇనప పైపు మీద గరిటెతో టంగుటంగుమని కొట్టేది. నీళ్లొస్తున్నాయి, లేచి పట్టుకోమని దానర్థం. ఆ చప్పుడుకి సందులో సగంమంది నిద్రలేచేవారు. ధనరాజ్ కుళాయి తిప్పి, వినిపించిందన్నట్టు తనూ పైపు మీద ఒక దెబ్బ కొట్టేవాడు. చాలా రోజులు వాళ్లిద్దరి మధ్యా జరిగే సంభాషణ అంతే.

టెంటు సంగతి వినగానే ఆవిడ చేతిలో చేట కింద పెట్టింది.

"నా వాకిట్లో మేకులు దిగ్గొడతావేటి? నా బంతిమొక్కలు ఏటైపోవాల?"

"ఒక్క పూటే మామ్మా. మొక్కలకి తగలకుండా వేస్తాను."

"ఉన్నది ఒక్కడివి. అంత గుడారం నీకెందుకురా? నీతో ఎవులొత్తారు?"

ఆవిడ మామూలుగానే అంది. కానీ త్రినాధరావు మాట ఇంకా చెవిలోంచి పోలేదు. ధనరాజ్‌కి తగలకూడని చోట తగిలింది.

"నీకు మాత్రం ఎవరున్నారు మామ్మా?" అనేసి గబగబా మేడెక్కేశాడు. ఎక్కాక, అలా అనకుండా ఉండాల్సింది అనిపించింది. దిగి వెళ్లి చెప్పడానికి మొహం చెల్లలేదు.

శనివారం తెల్లవారింది. పైపు మీద చప్పుడు కాలేదు. మోటారూ మోగలేదు. అలిగింది, అనుకున్నాడు ధనరాజ్. అతను ఒక్కడే కిందికి దిగి, ఆపసోపాలు పడి టెంటు లేవనెత్తాడు. లేవనెత్తాక తెలిసింది, పదిమందికి కుట్టిన టెంటు ఆ వాకిలికి పెద్దదని. దాని వెనక గోడ వెళ్లి అప్పలనర్సమ్మ వీధితలుపునీ, పక్క కిటికీనీ పూర్తిగా కప్పేసింది. తలుపు కొట్టి చెబుదామని చెయ్యెత్తి, మళ్లీ దించేశాడు. లేచాక తనే కేకలేస్తుంది, అప్పుడు నిన్నటి మాటకి కూడా క్షమించమని అడగొచ్చు అనుకున్నాడు. నిజానికి ఆ కేకల కోసం కాసేపు నిలబడ్డాడు. లోపల అలికిడి లేదు.

ఈలోగా టెంటు నడుం వంగిపోయింది. మధ్యలో ఎత్తి పట్టే ఇనప గొట్టం అంత కేన్వాసు బరువు ఆపలేక ఒంగింది. గట్టి వెదురు బొంగు పడితే గానీ లాభం లేదు. ధనరాజ్ ఫోన్ మేడమీద ఛార్జింగులోనే వదిలేసి, కారేసుకుని కట్టెల అడితికి వెళ్లాడు.

అడితి ఇంకా తెరవలేదు. అది తెరిచేదాకా ఇడ్లీ తిని, టీ తాగి, మళ్లీ టీ తాగి కూర్చున్నాడు. తెరిచాక పొడవాటి వెదురు బొంగులు రెండు తీసుకుని కారు మీద కట్టించాడు, ఒకటి విరిగితే ఇంకోటి ఉంటుందని. కొబ్బరితాడు తీసుకున్నాడు. లంబసింగి మంచుకి పుల్లలు తడిసి అంటుకోవని ఎవరో వీడియోలో చెప్పారు, అందుకని ఎండు కట్టెలు, వాటితోపాటు పిడకలు తీసుకున్నాడు. పక్క కొట్లో తాగే నీళ్లకి ఒక కొత్త కుండ, ఇంకో కొట్లో కింద పరుచుకోవడానికి ఒక తెల్లగుడ్డ కొన్నాడు.

అడితి ఆయన బేరం ఆడనివ్వకుండా తనే తగ్గించి ఇచ్చాడు. కారు దాకా వచ్చి భుజం మీద చెయ్యేసి, "ధైర్యంగా ఉండు బాబూ. తప్పదు కదా," అన్నాడు. లంబసింగి చలి సంగతి అంటున్నాడనుకుని ధనరాజ్, "స్వెట్టరుందండీ," అన్నాడు. ఆయన జాలిగా తలూపాడు. కుండలమ్మే ఆవిడ అయితే కళ్లు తుడుచుకుంది కూడా. ఈ ఊళ్లో మనుషులు ఇంత మంచివాళ్లని ఇన్నాళ్లూ గమనించలేదే అని ధనరాజ్‌కి కారు నడుపుతుంటే గుండె నిండిపోయింది.

ఇక్కడ సందులో జరిగింది వేరు.

ఎదురింటి పోతురాజు రిటైరైన బస్సు కండక్టరు. జనం నోరు తెరిచేలోపే టిక్కెట్టు చింపి చేతిలో పెట్టిన మనిషి. ఇప్పటికీ ప్రశ్న తనే వేసి జవాబూ తనే చెప్పుకుంటాడు. ఆ సందులో మంచికైనా చెడుకైనా అందరికంటే ముందు కండువా భుజానేసుకునేది ఆయనే. ఆ పొద్దున్న పళ్లు తోముకుంటూ బయటికి వచ్చేసరికి ఎదురింటి ముందు టెంటు కనిపించింది. పెళ్లికైతే మామిడాకులుంటాయి, లైట్లుంటాయి, ముందురోజు నుంచే మైకుంటుంది. ఏ హడావిడీ లేకుండా తెల్లారేసరికి ఇంటిముందు టెంటు లేచిందంటే ఆ సందులో దానికి ఒకటే అర్థం. మోటారు మోగలేదు. గరిటె చప్పుడు లేదు. వీధితలుపు టెంటు వెనక మూసుకుపోయి ఉంది. ధనరాజ్ కారు లేదు.

"రాత్రే అయిపోయుంటాది. ఆసుపత్రికి తీసుకెళ్లేరా? తీసుకెళ్లేరు. తెల్లారేలోగా టెంటేయించి, మనిషిని తేడానికి ధనరాజు మళ్లీ ఎల్లేడు. అంతే," అని పోతురాజు తేల్చేశాడు.

ధనరాజ్‌కి ఫోన్ చేశారు, ఎత్తలేదు. ఎలా ఎత్తుతాడులే పాపం అనుకున్నారు. సందులో మనిషి పోతే సాగనంపేదాకా ఎవరూ పొయ్యి వెలిగించరు. పిండి రుబ్బినవాళ్లు మూత పెట్టేశారు, పాలు పొంగించబోయినవాళ్లు స్టవ్ ఆపేశారు. ఎలమంచిలిలో ఉన్న అప్పలనర్సమ్మ ఆడపడుచుకీ, ఉప్మాకలో ఉన్న దూరపు చుట్టాలకీ పోతురాజే కబురు చెప్పాడు. డప్పులవాళ్లకి చెప్పాడు. తన ఇంట్లో కుర్చీలు, పక్కిళ్ల కుర్చీలు తెచ్చి టెంటు కింద వేయించాడు. వంగిన ఇనప గొట్టాన్ని తీసి పారేసి, చూరుకింది మేకులకి తాళ్లు కట్టి టెంటుని బిగించాడు కూడా.

ధనరాజ్ సందు మలుపు తిరిగేసరికి టెంటు నిండా జనం. ఒక్క క్షణం అతని మనసు ఎగిరి గంతేసింది. తన టెంటు చూడ్డానికి ఇంతమంది వచ్చారా! తర్వాత వాళ్ల మొహాలు కనిపించాయి. కారు మీద వెదురు బొంగులు చూడగానే ఆడవాళ్లు గొల్లుమన్నారు. పోతురాజు ఎదురొచ్చి, డిక్కీలో కట్టెలు, పిడకలు, కుండ, తెల్లగుడ్డ చూసి, ధనరాజ్‌ని గట్టిగా కావలించుకున్నాడు. ధనరాజ్‌ని ఎవరైనా కావలించుకుని ఎన్నేళ్లయిందో అతనికే గుర్తులేదు.

"అన్నీ నువ్వే తెచ్చేసేవా అల్లుడూ! కన్నకొడుకైనా ఇంత సెయ్యడు. ఆసుపత్రోళ్లు ఎప్పుడిత్తామన్నారు? మధ్యాహ్నం అన్నారా? సర్లే, కాగితాలవీ ఉంటాయి. నువ్వు కూకో. బొంగులు మేం దింపుతాం."

ధనరాజ్ టెంటు వైపు చూశాడు. టెంటులో ఎలమంచిలి ఆడపడుచు గుండెలు బాదుకుంటోంది. "ఓ వదినా! బంగారంలాంటి వదినా! నాతో ఒక్క మాటైనా సెప్పకుండా పోనావా!" అప్పలనర్సమ్మతో ఆవిడకి మాటల్లేక చాలా ఏళ్లయిందని ధనరాజ్‌కి తెలుసు.

వదిన. ఆసుపత్రి. కాగితాలు. అతను మెల్లగా లెక్క వేసుకున్నాడు. ఈ ఇంట్లో ఉన్నది ఇద్దరం. నేను ఇక్కడ నిలబడి ఉన్నాను.

అక్కడే కింద కూలబడ్డాడు. తను టీ తాగుతూ కూర్చున్నంతసేపట్లో ఇదంతా జరిగిపోయిందన్నమాట. ఎవరో చూశారు, ఎవరో తీసుకెళ్లారు, వేసి ఉన్న టెంటు పనికొచ్చింది. పొద్దున్న ఆ తలుపు దాకా వెళ్లి చెయ్యి దించుకుని వచ్చేసింది తనే.

"పైపు చప్పుడు కాలేదు మామా," అన్నాడు పోతురాజుతో. "నాకు తెలుసు. అలిగిందనుకున్నాను. తలుపు కొట్టి చూడలేదు. ఒక్కసారి కొట్టి ఉంటే..." ఆ తర్వాత ఏడుపు వచ్చేసింది. మేడమీద గదిలో ఏ పండక్కీ, ఏ జ్వరానికీ రాని ఏడుపు. రేపటినుంచి తెల్లవారేసరికి పైపు మీద ఎవరూ కొట్టరు, తను లేచినా లేవకపోయినా ఈ లోకంలో ఎవరికీ అక్కర్లేదు, అన్న సంగతి అతనికి అప్పుడు పూర్తిగా అర్థమైంది.

టెంటు వేసినవాడే అలా ఏడుస్తుంటే ఇంకా అనుమానం ఎవరికి మిగులుతుంది? అప్పటిదాకా ఊరికే కూర్చున్నవాళ్లు కూడా ఏడ్చారు. ఎవరో బంతిమొక్కల దగ్గరికి వెళ్లి ఉన్న పూలన్నీ కోసేశారు. అంతలో ఒక పెద్ద పూలదండతో త్రినాధరావు దిగాడు.

"ఇప్పుడే తెలిసింది బావా," అన్నాడు, పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటూ.

ధనరాజ్ ఏడుస్తూనే అడిగాడు. "నీకు సెలవు దొరకలేదన్నావు?"

"సావుకి అడగక్కర్లేదు బావా. మా ఓనరే బండిచ్చి పంపించేడు."

పోతురాజు పర్యవేక్షణలో పాడె కట్టడం మొదలైంది. కొబ్బరితాడు చాలా గట్టిదని అందరూ మెచ్చుకున్నారు. డప్పులవాళ్లు వచ్చి, డప్పులు వేడి చేసుకుని, ఒక్కసారిగా దరువు అందుకున్నారు. ఆ దరువుకి సందు అదిరింది.

అప్పుడే ఇంట్లోంచి ఒక పెద్ద ఏడుపు వినిపించింది.

"ఓరి నాయనో! ధనరాజూ! ఏటైపోనావురా!"

డప్పులు ఆగిపోయాయి. టెంటు వెనక గోడ లోపలినుంచి ఉబ్బింది. ఒకసారి ఇటు ఉబ్బింది, ఒకసారి అటు ఉబ్బింది. ఏడుపు మాత్రం ఆగలేదు. "మొక్కలు తొక్కితే తొక్కేవులేరా! అన్నీ పీకీరా, ఏటీ అనను! లెగరా నాయనా! నాకెవులున్నారురా!"

ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టగానే ఎలమంచిలి ఆడపడుచు కుర్చీతో సహా పోతురాజు మీద పడింది. పోతురాజు త్రినాధరావు మీద పడ్డాడు. ముందువరస ఖాళీ అయిపోయింది. వెనకవరస సందు చివర తేలింది. కేన్వాసు అంచు పైకి లేచి, దాని కిందనుంచి జుట్టు విరబోసుకుని, కళ్లు వాచిపోయి, అప్పలనర్సమ్మ మోకాళ్ల మీద పాకుతూ బయటికి వచ్చింది. వచ్చి, తెల్లగుడ్డ పరిచిన ఖాళీ పాడె చూసి మళ్లీ గొల్లుమనబోయి, దాని పక్కన కూర్చుని ఏడుస్తున్న ధనరాజ్‌ని చూసింది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"నువ్వు బతికే ఉన్నావేటిరా?"

"మామ్మా! నువ్వు పోలేదా?"

"నానెందుకు పోతానురా! మోకాళ్ల నొప్పికి మాత్రేసుకుని ముసుగెట్టి తొంగున్నాను. తలుపు తీద్దునా, అంతా గుడ్డ. కిటికీ తీద్దునా, గుడ్డ. బయట ఏడుపులు, డప్పులు. గుడ్డ సందులోంచి సూత్తే పాడె కడతన్నారు. ఈ ఇంట్లో ఉన్నది ఇద్దరం. నాను లెగిసే ఉన్నాను. మరి పోయిందెవుడ్రా?"

తను వేసుకున్న లెక్కే ఆవిడా వేసుకుందని ధనరాజ్‌కి అర్థమైంది. అతను ఏడుస్తూనే నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు. "నిన్న అన్నది తప్పు మామ్మా," అన్నాడు. ఆవిడ చెంగుతో అతని మొహం ఒకసారి తుడిచి, తర్వాత తన మొహం తుడుచుకుని, అప్పుడు బంతిమొక్కల వైపు చూసి, "నా పువ్వులు ఏ ముండాకొడుకు కోసేడు?" అని అరిచింది. అప్పటికి గానీ ఆవిడ నిజంగా బతికే ఉందని సందుకి నమ్మకం కలగలేదు.

"అంటే ఎవులూ పోలేదేటి?" అన్నాడు పోతురాజు, టిక్కెట్లన్నీ కొట్టాక బస్సు రద్దయిందని విన్నట్టుగా. "మరి బొంగులెందుకు? కట్టెలెందుకు? కుండెందుకు?"

ఈసారి జవాబు ఆయన దగ్గర లేదు. ధనరాజ్ చెప్పాడు, లంబసింగి, టెంటు, మంట, టీ. చెబుతుంటే అందరూ విన్నారు. అతను అన్ని మాటలు ఒకేసారి మాట్లాడ్డం ఆ సందు వినడం అదే మొదలు.

"ఏటే, బంగారంలాంటి వదినా?" అని అప్పలనర్సమ్మ ఆడపడుచుని నిలదీసింది. ఆవిడ కుర్చీ సర్దుకుంటూ, "పోయేవనుకుని అన్నాను," అంది. "అన్నావు కదా, ఇంకెలాగూ వెనక్కి తీసుకోలేవు. రా, ఉల్లిపాయలు కొయ్యి," అంది అప్పలనర్సమ్మ.

పొద్దున్నుంచి సందులో ఎవరూ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. పాడె విప్పేశారు. ఒక బొంగు టెంటు మధ్యలో నిలబెట్టారు. కట్టెలూ పిడకలూ ముందు పేర్చి మంట వేస్తుంటే ఎవరో, అవి వాడొచ్చా, అశుభం కాదా అని సందేహపడ్డారు. "లంబసింగికి తెచ్చినవి అశుభం ఎలాగవుతాయి?" అంది అప్పలనర్సమ్మ. పెద్ద గుండిగలో ఉప్మా కలిపారు. డప్పులవాళ్లకి ముందు వడ్డించారు. టీ గ్లాసులు అందరి చేతుల్లోకీ వచ్చాయి. కారు పక్కన టెంటు, టెంటు ముందు మంట, మంట చుట్టూ మనుషులు. ధనరాజ్ గ్లాసు పట్టుకుని కాసేపు అలా చూస్తూ ఉండిపోయాడు. మంచు ఒక్కటే తక్కువ.

తను కుట్టిన టెంటు కింద ఎవరో పోయి లేచారని విని హిదాయతుల్లా కూడా వచ్చాడు. ముందు రింగులు చూశాడు, కుట్లు చూశాడు, ముసలావిడ లోపలినుంచి అంత కుమ్మినా ఎక్కడా చిరగలేదని తృప్తిపడ్డాడు. తర్వాత ప్లేటు అందుకుని ధనరాజ్ పక్కన కూర్చున్నాడు.

"పదిమందన్నావు కదా భాయ్. ఆ పదిమంది ఎవరు?"

ధనరాజ్ చుట్టూ చూశాడు. పోతురాజు ఎవరికో అడక్కుండానే రెండోసారి వడ్డిస్తున్నాడు. త్రినాధరావు దండని ఏం చెయ్యాలో తెలీక కారు అద్దానికి వేలాడదీస్తున్నాడు.

"వీళ్లే," అన్నాడు.

"ఆ లంబసింగిలో ఏటుంటాదిరా?" అని అడిగింది అప్పలనర్సమ్మ, చేతులు కడుక్కుంటూ.

"మంచు మామ్మా."

"మంచు సూడ్డానికి అంత దూరమా?" అని విసుక్కుని, చెంగుకి చేతులు తుడుచుకుని, "ఎప్పుడెళ్దాం?" అంది.

ఆదివారం పొద్దున్న పైపు మీద గరిటె మామూలుకంటే గట్టిగా మోగింది. ముందుసీట్లో అప్పలనర్సమ్మ కూర్చుంది. బెల్టు పెట్టుకోమంటే, "నన్నెవుడు ఎత్తుకుపోతాడు, కట్టెయ్యడానికి?" అని కసిరింది. కారు కీచుకీచుమంటూనే ఉంది. ధనరాజ్ ఆపించే ప్రయత్నం చెయ్యలేదు. వెనకసీట్లో త్రినాధరావు, పోతురాజు, ఎలమంచిలి ఆడపడుచు, టెంటు వేయడం ఇంకెవరికీ రాదని బయలుదేరిన హిదాయతుల్లా ఇరుక్కున్నారు. డిక్కీలో గుండిగ, కట్టెలు, కుండ, అందరి దుప్పట్లు. నేలమీద పడుకోలేనందని కారు మీద అప్పలనర్సమ్మ మడతమంచం కట్టారు.

కారు సందు మలుపు తిరిగింది. టెంటు మాత్రం వాకిట్లోనే ఉండిపోయింది, కార్లో దానికి చోటు చాల్లేదు.